చిత్తు పని కనిపించలేదు

ఆ ఏడాది పరీక్షా సౌలభ్య మండలి వారికి పిల్లల మీద దయ పుట్టింది. మండలి వారికి ఏది పుట్టినా ముందు దానికో లోగో పుడుతుంది. దయకీ పుట్టింది. ఒక చెయ్యి, చేతిలో పెన్ను, కింద ‘రాయలేని చేతికి రాసే యంత్రం’ అని నినాదం. పాలేటిపాడు హైస్కూలు గోడ మీద ఆ బొమ్మ వెయ్యడానికొచ్చిన పెయింటరు అది మధ్యాహ్న భోజనం తాలూకు గోడ అనుకుని పెన్నుకు బదులు గరిటె వేసి వెళ్ళిపోయాడు. మూడు తనిఖీలు జరిగాయి. గరిటె గురించి ఎవరూ ఏమీ అనలేదు.

అంకమ్మ టీచర్‌కి బొమ్మతో పనిలేదు. ఆవిడకు కావలసింది యంత్రం. ఇరవై ఆరేళ్ళుగా ఆ స్కూల్లో గణితం చెబుతున్న మనిషి. ఆ ఇరవై ఆరేళ్ళలో ధాత్రి లాంటి పిల్లని చూడలేదు.

ధాత్రి పదో తరగతి. వాళ్ళమ్మ నాగమల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు ఒలుస్తుంది. పిల్ల బుర్రలో లెక్కలు పరుగులు తీస్తాయి గానీ వేళ్ళు మాట వినవు. ఆరు రాయబోతే సున్నా అవుతుంది. పదుల కింద రాయాల్సిన అంకె వందల కిందకి పోతుంది. భిన్నం మధ్య గీత గాలిపటం తోకలా పైకి లేస్తుంది. నాలుగు వరసలు రాసేసరికి మణికట్టు పట్టేసి పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. గుంటూరులో డాక్టరు చూసి, బుర్రకేం లోటు లేదు, ఇది రాతకు సంబంధించిన ఇబ్బంది, డిస్‌గ్రాఫియా అంటారు అని కాగితం రాసిచ్చాడు. తొమ్మిదో తరగతి సంవత్సర పరీక్షలో గణితంలో వందకి పదకొండు మార్కులొచ్చాయి. అదే ప్రశ్నపత్రం అంకమ్మ టీచర్ వరండాలో కూర్చోబెట్టి నోటితో అడిగితే, పిల్ల ఒక్క లెక్క తప్ప అన్నీ చెప్పింది. ఆ ఒక్కటీ ప్రశ్నలోనే తప్పుంది.

“పది పాసయితే పాలిటెక్నిక్‌కి పంపుతానంటున్నారు. పాసవకపోతే నా పక్కన గింజల కాడ కూర్చోబెడతా, అంతేగా టీచరమ్మా?” అని నాగమల్లి తన వేళ్ళు చాపి చూపించింది. జీడి నూనె తగిలి వేళ్ళ కొసలు నల్లగా కాలిపోయి ఉన్నాయి. “దీని వేళ్ళు ఎట్టాగూ పనికిరావంటున్నారు. ఆటిని కూడా ఇట్టా చేసుకోమంటారా?”

ఆ వేళ్ళు చూశాక అంకమ్మ టీచర్ ఎనిమిది నెలలపాటు అర్జీలు పెడుతూనే ఉంది.

డిసెంబరులో యంత్రం వచ్చింది. పేరు ‘గణితమిత్ర’. పలకంత ఉంటుంది. అంకె చెబితే వింటుంది, నొక్కితే తీసుకుంటుంది, ఒకట్లు ఒకట్ల కింద, పదులు పదుల కింద నిలబెడుతుంది. అంతకుమించి ఏమీ చెయ్యదు. లెక్క చేసేది పిల్ల, రాసిపెట్టేది యంత్రం. ఒక్క పలకని నలుగురు అధికారులు నాలుగు మూలలా పట్టుకుని ధాత్రికి అందిస్తూ ఫోటో దిగారు. పలక ఆవిష్కరణ, పలక ప్రసంగం, పలకకి కొబ్బరికాయ అయ్యాక సాయంత్రం నాలుగింటికి అది పిల్ల చేతికొచ్చింది. ఐదింటికల్లా ధాత్రి ఒక అధ్యాయం పూర్తి చేసింది.

జనవరిలో ప్రీఫైనల్. ధాత్రికి తొంభై ఏడు.

యంత్రంలోంచి అచ్చు తీసిన ఆ పేపరు పట్టుకుని అంకమ్మ టీచర్ స్టాఫ్‌రూమంతా తిరిగింది. డ్రిల్లు మాస్టారికి కూడా చూపించింది. నాగమల్లి స్కూలుకొచ్చి అందరికీ జీడిపప్పు పంచి, సంతోషం పట్టలేక వరండాలో కూర్చుని ఏడ్చింది. ఆ సంతోషం సరిగ్గా పదకొండు రోజులుంది.

పన్నెండో రోజున మండలి తనిఖీ అధికారి వచ్చి పేపరు అటూ ఇటూ తిప్పి, వెనక్కి తిప్పి, వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, కింద ఎర్ర సిరాతో మూడు మాటలు రాశాడు. ‘చిత్తు పని కనిపించలేదు.’

పరీక్ష హాల్లోకి వెళ్ళిన పిల్ల ఎవరైనా ముందు చేసే పని ఏమిటి? పేపరు కుడివైపు మూడు వేళ్ళ మందాన మడత పెట్టి, ఆ మడత మీద గీత కొట్టి, పైన ‘చిత్తు పని’ అని రాయడం. కూడికలూ గుణకారాలూ అక్కడ, సాపుగా అసలు జవాబు ఇక్కడ. అంకమ్మ టీచర్ స్వయంగా ఇరవై ఆరు బ్యాచ్‌లకి నేర్పింది. మనసులో లెక్క చేసేసే తెలివైన పిల్లలు కూడా జవాబు రాశాక వెనక్కొచ్చి, మార్జిన్ బోసిగా ఉండకుండా నాలుగు గుణకారాలు అలంకారానికి వేస్తారు. ఆవిడే వెయ్యమనేది. ఈ పిల్లకి మాత్రం చెప్పడం మరిచిపోయింది. యంత్రం మీద మడత పెట్టడానికి ఏముంది గనక?

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ‘చిత్తు లేని జవాబు విద్యార్థిని సొంతమని భావించుటకు ఆధారము లేదు. కావున తొంభై ఏడు మార్కులను నిలుపుదల చేయడమైనది. పబ్లిక్ పరీక్షలో సైతము ఇదే విధానము అనుసరించబడును.’

అంకమ్మ టీచర్ పిల్లని వెంటబెట్టుకుని మండలి కార్యాలయానికి వెళ్ళింది. అధ్యక్షులు డాక్టర్ పరాంకుశం గారు పరీక్షల మీద పరిశోధన చేసి పట్టా పొందిన వారు. వారు మాట్లాడుతుంటే పక్కన గుమాస్తా మినిట్స్ రాసుకుంటాడు. ఎవరూ లేనప్పుడు కూడా వారు గుమాస్తాకి అందేలాగే మాట్లాడతారని చెప్పుకుంటారు.

“అంకమ్మ గారూ! జవాబు అనునది పుట్టుక. చిత్తు అనునది గర్భము. గర్భము లేని పుట్టుకను మండలి గుర్తించజాలదు.”

“పిల్ల మనసులో చేస్తుంది సార్. కావాలంటే ఇప్పుడే ఒక లెక్క అడగండి.”

“మనసునకు మార్జిను ఉన్నదా?”

గుమాస్తా ఆ ప్రశ్న రాసుకుని, కింద రెండు గీతలు కొట్టాడు.

“పోనీ, చిత్తు చెయ్యమంటే చేత్తో చెయ్యాలి. చేత్తో చెయ్యగలిగితే ఈ యంత్రం ఎందుకండీ?”

“మంచి ప్రశ్న. అందువలన యంత్రము చేతనే చిత్తు చేయించవలెను,” అన్నారు పరాంకుశం గారు. యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీరు ఇలియాస్‌ని పిలిపించారు.

ఇలియాస్ ముప్పై ఏళ్ళ కుర్రాడు. పిల్లలకి పనికొచ్చేది ఏదైనా చెయ్యాలని పెద్ద ఉద్యోగం మానుకుని వచ్చినవాడు. విషయమంతా విని తల గోక్కున్నాడు. “సార్, మా యంత్రం లెక్క చెయ్యదు. పాప చేసింది రాస్తుంది, అంతే. పాప చిత్తు చెయ్యట్లేదు. మరి ఇది ఎక్కణ్ణుంచి తెస్తుంది?”

“అది సాంకేతిక సమస్య. మండలి విధాన సమస్యలను మాత్రమే పరిష్కరించును.”

ఇలియాస్ పది రోజులు నిద్ర మానుకుని తెరకి కుడివైపు ఒక నిలువు గీత పెట్టాడు. పిల్ల జవాబు చెప్పగానే ఆ గీత అవతల దానికి తగ్గ గుణకారాలూ కూడికలూ వాటంతటవే పడతాయి. ధాత్రి ఒక్కో లెక్కా చేస్తూ, పక్కన పుట్టుకొస్తున్న గుణకారాల వైపు వింతగా చూసింది. “ఇదెవరు చేస్తున్నారు టీచర్?” అని అడిగింది. “నువ్వేనమ్మా,” అంది అంకమ్మ టీచర్. చెప్పాక ఆవిడకే సిగ్గేసింది.

మండలి ఆ చిత్తుని పరిశీలించి తిప్పి పంపింది. చిత్తు మరీ శుభ్రంగా ఉందట. ఒక్క కొట్టివేత కూడా లేదట. ‘తడబాటు లేని చిత్తు సాపు ప్రతియే గానీ చిత్తు కానేరదు’ అని రాశారు. ఎన్ని కొట్టివేతలుంటే చిత్తు చిత్తవుతుందో తేల్చడానికి కొట్టివేతల ఉపసంఘం ఏర్పడింది. ఉపసంఘం వారు స్కేళ్ళు పట్టుకుని జిల్లాలు తిరిగి, పాత జవాబుపత్రాల కట్టలు విప్పి, కొట్టివేతలు లెక్కపెట్టి, పొడవులు కొలిచారు. ఒకచోట కొట్టివేత అనుకున్నది చీమల బారు అని తేలడంతో ఆ జిల్లా మొత్తం మళ్ళీ లెక్కించాల్సి వచ్చింది. చివరికి తీర్మానం చేశారు. ‘పుటకు మూడు కొట్టివేతలకు తగ్గరాదు.’

ఇలియాస్ యంత్రానికి ఎర్ర మీట పెట్టాడు. దాని మీద ‘తప్పు’ అని రాసి ఉంటుంది. నొక్కితే ఒక తప్పు పడి, దాని మీద గీత పడుతుంది. మండలి సమక్షంలో ప్రదర్శన జరిగింది. చిత్తు సగంలో ఉండగా ఒక సభ్యులు ఉత్సాహం ఆపుకోలేక పలక లాక్కుని చూశారు. పిల్ల చేతిలోంచి పోగానే తెర ఆరిపోయి, పడ్డ తప్పులన్నీ చెరిగిపోయాయి. పరాంకుశం గారు కంపించిపోయారు. అధికారిక తప్పులు నాశనమయ్యాయి మరి. అక్కడికక్కడే నియమం ఇరవై రెండు పుట్టింది. ‘చిత్తు పని జరుగుచుండగా యంత్రమును విద్యార్థి చేతి నుండి ఎవ్వరునూ, మండలి అధికారులతో సహా, ఎట్టి కారణము చేతనైననూ వేరుచేయరాదు.’

ఇక అయిపోయిందనుకుంది అంకమ్మ టీచర్. అప్పటికి ఫిబ్రవరి సగం దాటింది. పరీక్షకి అయిదు వారాలు కూడా లేదు. అప్పుడు ఒక సభ్యులకి ధర్మసందేహం వచ్చింది. ఆ తప్పులు ఎవరివి? యంత్రం చేసిన తప్పుని విద్యార్థిని ఖాతాలో వెయ్యడం మాల్‌ప్రాక్టీసు కాదా?

అవునన్నారు పరాంకుశం గారు. తప్పులు విద్యార్థిని సొంత తప్పులై ఉండాలి. ముందుగా వాటి నమూనాలు సేకరించి యంత్రంలో భద్రపరచాలి. ఇద్దరు ఉద్యోగులు స్కూలుకొచ్చి ధాత్రి చేత నూట ఇరవై లెక్కలు చేయించారు. నూట ఇరవైలో తప్పు ఒక్కటి లేదు. ఉద్యోగులు మొహమొహాలు చూసుకున్నారు. ‘విద్యార్థిని సహకరించుట లేదు’ అని రాసుకుపోయారు.

ఆ తరవాత వచ్చిన ఉత్తర్వు పేరు ‘దోష శిక్షణ’. నలభై గంటలు. శిక్షకురాలు, గణితం టీచర్ అంకమ్మ.

ఇరవై ఆరేళ్ళుగా ఎర్ర పెన్ను పట్టుకుని తప్పుల వెంటపడిన మనిషి ఆవిడ. మొదటి రోజు ఆ పెన్ను సంచీలోంచి తియ్యకుండానే కూర్చుంది.

“ఏడెనిమిదులు ఎంతమ్మా?”

“యాభై ఆరు.”

“తప్పు చెప్పు.”

“ఎంత తప్పు టీచర్?”

“ఏదో ఒకటి.”

ధాత్రి ఆలోచించింది. “ఏదో ఒకటంటే ఎట్టా టీచర్? తప్పుక్కూడా కారణం ఉండాలిగా. ఏడేడులు చేశాననుకోనా, ఆరెనిమిదులు చేశాననుకోనా? ఏడేడులైతే నలభై తొమ్మిది, ఆరెనిమిదులైతే నలభై ఎనిమిది. దేనికీ మనసు రావట్లా.”

వందల మంది పిల్లలు ఏ శిక్షణా లేకుండా ఆవిడ ముందు లక్షల తప్పులు చేశారు. ఏ తప్పు చెయ్యమంటారని అడిగిన పిల్ల ఇదే మొదలు. ఇద్దరూ కూర్చుని ఆలోచించి ఒక ఏర్పాటు చేసుకున్నారు. పుటలో మొదటి తప్పు, వందలకి దాటించాల్సిన అంకె మరిచిపోవడం. రెండోది, మైనస్ బదులు ప్లస్. మూడోది, ఎక్కంలో ఒక మెట్టు కిందకి జారడం. ధాత్రి బుద్ధిగా ఆ వరసలోనే చేసింది. ఎర్ర మీట నొక్కి నమూనాలు ఎక్కించింది.

తనిఖీ అధికారి చూసి పెదవి విరిచాడు. “ఇవి ఒక పద్ధతిలో ఉన్నవి. పద్ధతిగా చేయు తప్పు తప్పు కానేరదు. సహజత్వము లోపించినది.” సహజత్వానికి ఇంకో పది గంటలు పెంచారు.

ఆ వారం నాగమల్లి ఫ్యాక్టరీ నుంచి సరాసరి స్కూలుకొచ్చింది. చేతులు కూడా కడుక్కోలేదు.

“టీచరమ్మా, పిల్లకేమైంది? రాత్రి అన్నం తింటా తింటా ఏడెనిమిదులు యాభై నాలుగంటంది. మళ్ళీ కాదు అరవై రెండంటంది. మళ్ళీ నన్నే అడుగుద్ది, ఏది సహజంగా ఉందమ్మా అని. నాకు చదువు రాకపోయినా అది చెప్పే లెక్క ఏనాడూ తప్పు పోలేదని నాకు తెలుసు. ఊరంతా దీన్ని మొద్దు అన్నప్పుడు నేనొక్కదాన్నే కాదన్నాను. ఇప్పుడు ఏమైంది దీనికి?”

నేనే నేర్పుతున్నానమ్మా అని చెప్పడానికి అంకమ్మ టీచర్‌కి నోరు రాలేదు. “పరీక్ష అయ్యేదాకా ఓపిక పట్టు నాగమల్లీ,” అంది. ఆ రోజు ఇంటికెళ్ళి భర్త మీద అకారణంగా కేకలేసింది. ఆయనకి ఏమీ అర్థంకాక పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

మార్చిలో పరీక్ష జరిగింది. ధాత్రి అన్ని లెక్కలూ చేసింది. పుటకు మూడు చొప్పున కొట్టివేతలు వేసింది. హాల్లో ఇన్విజిలేటరుతో పాటు ఒక కొట్టివేతల పరిశీలకుడు కూడా నిలబడి లెక్కపెట్టుకున్నాడు. పన్నెండూ నలభై అయిదుకి చివరి గంట కొట్టాక బయటికొచ్చి పిల్ల, “అన్నీ వచ్చాయి టీచర్. తప్పులు కూడా బాగా వచ్చాయి,” అంది. అంకమ్మ టీచర్ ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది.

ఫలితాలొచ్చాయి. గణితం, పదకొండు.

అంకమ్మ టీచర్ ముందు అచ్చుతప్పు అనుకుంది. జవాబుపత్రం నకలు తెప్పించుకుని చూసింది. జవాబులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏ జవాబు పక్కనా మార్కు లేదు. మార్కులన్నీ గీత అవతల, చిత్తులో వేసి ఉన్నాయి. మొదటి పుట మీద మూల్యాంకన అధికారి వివరణ ఇచ్చాడు. ‘సాపు ప్రతి యంత్రము రాసినది కావున విలువ కట్టలేదు. చిత్తు మాత్రమే విద్యార్థిని సొంతమని మండలి నిర్ధారించినందున దానికే మార్కులు వేయడమైనది. చిత్తులో తప్పులు మెండుగా ఉన్నవి.’

యంత్రం పుట్టించిన చిత్తు పిల్లదట. పిల్ల చేసిన లెక్క యంత్రానిదట. అంకమ్మ టీచర్ ఆ రెండు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదివింది. నకలు బల్ల మీద విసిరికొట్టింది. తిట్లు రాని మనిషి, ఆ రోజు ఖాళీ తరగతి గదిలో నల్లబల్లకి ఎదురుగా నిలబడి తెలిసిన రెండు తిట్లూ తిట్టింది.

మండలిలో మాత్రం పండగ చేసుకున్నారు. పరాంకుశం గారు పత్రికలకి ప్రకటన ఇచ్చారు. ‘యంత్రమునకు పూర్వము ఈ విద్యార్థినికి పదకొండు మార్కులు. యంత్రము పిదప పదకొండు మార్కులు. యంత్రము వలన ఎట్టి అన్యాయపు లబ్ధియు చేకూరలేదని దీనివలన తేటతెల్లమగుచున్నది. ఇంతటి నిష్పాక్షికమైన సౌలభ్యము మరెక్కడనూ లేదని మండలి సగర్వముగా తెలియజేయుచున్నది.’

సభ పెట్టారు. ధాత్రికి ‘సమానత్వ విద్యార్థిని’ అనే బిరుదు, శాలువా, ప్రశంసాపత్రం. పరీక్ష తప్పినందుకు ఇంత ఘనంగా సన్మానం పొందిన పిల్ల అంతకుముందెవరూ లేరు. అంకమ్మ టీచర్ వెళ్ళొద్దనే అంది. ధాత్రే “వెళదాం టీచర్, మైకు ఉంటదంటగా,” అంది. మైకుతో ఏం పని అని ఆవిడ అడగలేదు.

హాలు నిండుగా ఉంది. ముందు వరసలో ఇలియాస్ తల వంచుకుని కూర్చున్నాడు. పరాంకుశం గారు ధాత్రి భుజం మీద చెయ్యేసి ప్రసంగించారు.

“మన కృషిని అంకెలలో చెప్పవలెనన్న, మూడు వందల పదిహేడు పాఠశాలలు. ఒక్కొక్క పాఠశాలలో ఇరవై నాలుగు ప్రామాణిక కొట్టివేతలు. అనగా మొత్తము...” వారు ఆగారు. గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా జేబులు తడుముకున్నాడు. “మొత్తము... ఆరు వేల...”

“ఏడు వేల ఆరు వందల ఎనిమిది,” అంది ధాత్రి మైకులో.

గుమాస్తా ఫోను తీసి లెక్క చూసుకుని, అవునన్నట్టు తలాడించాడు. వెనకనుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పరాంకుశం గారు చెయ్యెత్తి ఆపి, పిల్ల వైపు వంగి, తండ్రిలాంటి చిరునవ్వు నవ్వారు.

“బాగున్నది. చిత్తు ఏదమ్మా?”

ధాత్రి ఆయన మొహంలోకి చూసింది. చూసి, ఆయన జేబులోంచి పెన్ను తీసుకుంది. చేతిలో ఉన్న ప్రశంసాపత్రాన్ని బల్ల మీద పరిచి, పెన్ను గుప్పిటతో పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క గీత కొట్టింది. గీత వంకర్లు తిరుగుతూ బిరుదు మీదుగా, లోగో మీదుగా వెళ్ళి, పరాంకుశం గారి సంతకాన్ని కోసుకుంటూ ఆగింది.

“ఇదిగో సార్,” అని కాగితం ఆయన చేతికిచ్చి, శాలువా కుర్చీ మీద పెట్టి, మెట్లు దిగి వచ్చేసింది.

అంకమ్మ టీచర్ లేచి నిలబడి, ఎవరున్నారని చూసుకోకుండా గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇలియాస్ ఇంకా గట్టిగా కొట్టాడు.

మండలి వారు అవమానపడ్డారా అంటే, లేదు. వారు కొలిచారు. పదిహేను రోజుల తరవాత అటెండరు కోటిలింగం ఒక లేఖ, ఖాళీ అట్టపెట్టె పట్టుకుని బస్సు దిగి పాలేటిపాడు స్కూలుకొచ్చాడు. వేసవి సెలవులు. వరండాలో ధాత్రి బల్ల మీద పలక పెట్టుకుని లెక్కలు చేసుకుంటోంది. సప్లిమెంటరీ గణితం పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులుంది. అంకమ్మ టీచర్ లేఖ విప్పింది.

‘సదరు విద్యార్థిని సభాసమక్షమున, నిలబడి, ఎవరి సహాయమూ లేక, ఇరువది మూడు సెంటీమీటర్ల పొడవు గల గీతను స్వహస్తముతో గీసియున్నది. చేతితో ప్రామాణిక కొట్టివేత చేయగల వ్యక్తికి రాతలో లోపము ఉన్నదనుట అసంబద్ధము. కావున యంత్రమును తక్షణము వాపసు తీసుకొనవలసినదిగా ఆదేశించడమైనది.’

అంకమ్మ టీచర్ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. తొమ్మిది రోజుల్లో పిల్ల చేతికి మళ్ళీ పెన్నిచ్చి హాల్లోకి పంపాలి. ఆరు సున్నా అవుతుంది. భిన్నం గీత పైకి లేస్తుంది. ఆ తరవాత జీడి నూనె. నాగమల్లి వేళ్ళు కళ్ళ ముందు కనపడ్డాయి.

“పిల్ల దగ్గర్నుంచి తీసుకోవాలంటే నాకూ బాధగానే ఉందండీ,” అన్నాడు కోటిలింగం, అట్టపెట్టె మూత తెరుస్తూ. “కానీ ఏం చేద్దాం, ఆర్డరు.”

ఆవిడ ధాత్రి దగ్గరికి వెళ్ళింది. ఎలా చెప్పాలో తెలియక తెర వైపు చూసింది. చూసి ఆగిపోయింది.

తెర మీద నిలువు గీత కుడివైపున లేదు. పిల్ల దాన్ని వేలితో లాక్కుంటూ వచ్చి ఎడమ అంచుకి చేర్చేసింది. సాపు ప్రతికి మూడు వేళ్ళ మందం మిగిలింది. మిగతా పుటంతా చిత్తు. లెక్క మొదటి వరస నుంచి చివరి జవాబు దాకా మొత్తం చిత్తులోనే, ఒక్క తప్పు లేకుండా నడుస్తోంది. అటు ఇరుకు సాపులో మూడే మూడు కొట్టివేతలు, వేరే ఏమీ లేవు.

“పుటకు మూడన్నారు టీచర్. పుటలో ఎక్కడో చెప్పలా,” అంది ధాత్రి చిన్నగా. “మార్కులు చిత్తుకేగా. ఇలియాస్ సార్‌ని అడిగాను, గీత ఎటైనా జరుగుద్దన్నారు.”

అంకమ్మ టీచర్‌కి నవ్వొచ్చింది, దానితోపాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. చరచరా స్టాఫ్‌రూములోకి వెళ్ళి బీరువా తీసి, మండలి వారి నియమాల పుస్తకం తెచ్చి, ఇరవై రెండో నియమం దగ్గర వేలు పెట్టి కోటిలింగం ముందు పెట్టింది. అతను కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ‘మండలి అధికారులతో సహా’ అన్న చోట మూడోసారి చదివాడు.

“చిత్తు పని జరుగుతోందండీ,” అంది అంకమ్మ టీచర్. “మధ్యలో తీసుకున్నారంటే నియమం ఉల్లంఘించినట్టే. అదీ అధ్యక్షుల వారు స్వయంగా పెట్టిన నియమం. అయ్యాక తీసుకెళుదురు గాని, కూర్చోండి. టీ తెప్పిస్తాను.”

కోటిలింగం ఉద్యోగం చేసుకునే మనిషి, నియమం అంటే భయం. అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపు పిల్లని చూశాడు. పిల్ల అంకెలు చెబుతోంది, యంత్రం నిలబెడుతోంది. ఒకట్లు ఒకట్ల కింద, పదులు పదుల కింద.

“ఎప్పటికవుద్ది పాపా, ఈ చిత్తు?”

ధాత్రి తెర మీంచి తలెత్తలేదు.

“సప్లిమెంటరీలో లెక్కల పరీక్ష రోజున,” అంది, “మధ్యాహ్నం పన్నెండూ నలభై అయిదుకి.”